తలుపు లోపలి మనిషి

మనుషులు ఎదురుపడినప్పుడు కొంచెం తల వంచడం దాదాపు అన్ని దేశాలలోనూ ఉన్న ఆచారమే. మనము చేతులు జోడిస్తాము. ఒకరు టోపీ తీస్తారు. మరొకరు గుండెపై చేయి వేసుకుంటారు. ఈ పనులన్నిటిలోనూ ఒక చిన్న త్యాగం ఉన్నది. క్షణకాలం మనిషి తన ఎత్తును తానే తగ్గించుకుంటాడు. ఎదుటివాడూ అంతే తగ్గినట్లయితే అది పలకరింపు. ఒకడు వంగి ఉండగా మరొకడు నిటారుగా నిలిచి చూస్తూ ఉంటే దానిని ఏమనవలెను? ఈ ప్రశ్న నాకు ఏ ధర్మశాస్త్రమో చదువుతూ ఉండగా తోచినది కాదు. మాంగోలో ఒక కాగితాల దుకాణంలో, గ్రీటింగు కార్డు ఒకటి చేతిలో పట్టుకొని నిలిచినప్పుడు తోచినది.

మాంగో అనేది జంషెడ్‌పూరు నగరానికి సువర్ణరేఖా నది అవతలి ఒడ్డున ఉన్న పేట. 1907లో ఏర్పడిన ఉక్కు కంపెనీ 1912లో మొదటి ఉక్కును తీసినది. నాటి నుంచి ఆ కార్ఖానా చుట్టూ దేశంలోని నానా భాషలవారూ చేరినారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలూ వారిలో ఉన్నవి. సాక్చీ బజారు నుంచి వంతెన దాటి మాంగోలో ప్రవేశించిన మనిషి పది నిమిషాలలో జోహార్, ఆదాబ్, ప్రణామ్, నమస్కారం అన్నీ వినగలడు. ఇన్ని విధాల పలకరింపులు ఉన్నచోట వాటిని అచ్చు వేసి అమ్మే కార్డులకు ఒకప్పుడు మంచి గిరాకీ ఉండేది. ఇప్పుడు శుభాకాంక్షలన్నీ ఫోనులలోనే వెళ్లిపోతున్నవి. నేను వెళ్లిన దుకాణంలో మిగిలిన కార్డులను ఒక అట్టపెట్టెలో పోసి, ధర తగ్గించి పెట్టినారు.

ఆ పెట్టెలో ఒక కట్ట నన్ను ఆకర్షించినది. పూర్వకాలపు చరిత్ర గ్రంథాలలోని చెక్కడపు బొమ్మలను పసుపువన్నె కాగితం మీద నల్లగీతలతో అచ్చు వేసిన కార్డులు అవి. ఒకదానిలో బిషప్పు ఒక రాజు తలపై కిరీటం పెడుతున్నాడు. మరొకదానిలో ఒక రాజు సన్యాసుల ముందు వీపు చూపి మోకరిల్లి ఉన్నాడు. మూడవదానిలో మంచు కురుస్తున్నది; కోటతలుపు మూసి ఉన్నది; దాని ఎదుట ఒక మనిషి ఉన్నిబట్టతో, చెప్పులు లేని కాళ్లతో నిలిచి ఉన్నాడు. బొమ్మ క్రింద పేరు లేదు, సంవత్సరం లేదు. లోపలి పుటలో పండుగ శుభాకాంక్షలు మాత్రం ఉన్నవి. చాలాకాలం చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కనుక ఆ మనిషిని గుర్తుపట్టడం కష్టం కాలేదు. అతడు జర్మన్ రాజు నాల్గవ హెన్రీ. ఆ కోట కనోస్సా. ఆ నెల 1077 జనవరి.

కార్డు కొన్నాను. ఎవరికి పంపాలన్నది ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాను. దుకాణం గడప దాటే లోపలే నాకు సిగ్గు వేసినది. ఆ సిగ్గుకు కారణం చెప్పకుండా ఈ విషయం గురించి వ్రాయడం న్యాయం కాదు.

మా వీధిలోని తెలుగు కుటుంబాలవారు ఏటా శ్రీరామనవమికి చందాలు పోగుచేసి పందిరి వేస్తారు. ఆ లెక్కలు చాలా ఏళ్లుగా ఒక పెద్దాయన చూసేవారు. కార్ఖానాలో జీవితమంతా పనిచేసి ఇంటిపట్టున ఉంటున్నవారు. నాకంటే వయసులో పెద్ద. నేను ఆయనను అన్నగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను మాస్టారూ అనేవారు. ఒక సంవత్సరం చందా సొమ్ములో కొంత తీసి ఇంటి అవసరానికి వాడుకున్నారు. నెల తిరిగేసరికి మళ్లీ వేసినారు. అడగకుండా వాడుకోవడం తప్పే. ఆ తప్పును ఆయనే నా ఇంటికి వచ్చి నాతో చెప్పుకున్నారు. నేను అంతటితో ఊరుకోలేదు. నలుగురి సొమ్ము కనుక నలుగురిలోనూ ఒప్పుకోవాలన్నాను. మరుసటి ఆదివారం సమావేశంలో ఆయన లేచి నిలబడి, చేతులు జోడించి, తప్పు జరిగినదని చెప్పినారు. ఆయన కోడలూ మనుమలూ వెనుక వరుసలో కూర్చొని ఉన్నారు. నేను ముందు వరుసలో, కుర్చీలో ఉన్నాను.

అంతకు పూర్వం ఆయన నన్ను చూడగానే, "ఏం మాస్టారూ, టీ అయిందా?" అని వీధి అవతల నుంచే కేక వేసేవారు. ఆ ఆదివారం తరువాత కేక లేదు. దూరాన ఉండగానే ఆగి, రెండు చేతులూ నిండుగా జోడించి, నమస్కారం చేసి వెళ్లిపోయేవారు. చూచేవారి దృష్టిలో నా గౌరవం పెరిగినది. నాకు మాత్రం ఒక పలకరింపు పోయినది. దానిని తిరిగి సంపాదించుకోవాలనే కోరికతో కార్డు కొనబోయి, నేను ఏరుకున్న బొమ్మ ఏది? మూసిన తలుపు ముందు నిలబడిన మనిషిది.

ఇక ఆ బొమ్మ వెనుక ఉన్న కథ. బిషప్పులకు అధికారచిహ్నాలైన ఉంగరమూ దండమూ ఎవరు ఇవ్వవలెను, రాజా, పోపా అన్నది అప్పటి వివాదం. చూడడానికి అది లాంఛనం గురించిన తగవు. నిజానికి బిషప్పుల చేతిలో విస్తారమైన భూములు, సైనికులు, పన్నులు ఉండేవి కనుక అది రాజ్యం గురించిన తగవే. 1076 జనవరిలో హెన్రీ వర్మ్స్ నగరంలో తన బిషప్పులను సమావేశపరచి, ఏడవ గ్రెగరీ పోపు పదవి నుంచి దిగిపోవాలని ప్రకటింపజేసినాడు. తరువాతి నెలలో గ్రెగరీ అతనిని మతం నుంచి వెలివేసి, ప్రజలు అతనికి చేసిన విధేయతా ప్రమాణాలు చెల్లవన్నాడు. వెలి అనే మాటకు ఎంత బరువున్నదో మన గ్రామాలు ఎరిగినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. జర్మన్ సామంతులు ఇదే అదను అనుకున్నారు. ఏడాదిలోగా వెలి తొలగకపోతే ఇతడు మాకు రాజు కాడన్నారు. అందుచేత హెన్రీ నడిచలికాలంలో ఆల్ప్స్ పర్వతాలు దాటి, తస్కనీ పాలకురాలు మతిల్డాకు చెందిన కనోస్సా కోటకు వచ్చినాడు. గ్రెగరీ అక్కడ విడిది చేసి ఉన్నాడు. రాజు మూడు రోజులు తలుపు బయట పశ్చాత్తాపవేషంతో నిలిచినాడు. మతిల్డా, క్లూనీ మఠాధిపతి హ్యూ మధ్యవర్తులై చెప్పిన మీదట వెలి తొలగినది.

చిత్రాలు అక్కడితో ఆగుతాయి. చరిత్ర ఆగలేదు. రెండు నెలలు తిరగకముందే సామంతులు మరొక రాజును ఎన్నుకున్నారు. జర్మనీలో అంతర్యుద్ధం మొదలైనది. 1080లో గ్రెగరీ హెన్రీని మళ్లీ వెలివేసినాడు. హెన్రీ వేరొక పోపును నిలబెట్టి, 1084లో రోముకు వచ్చి అతని చేత చక్రవర్తిగా కిరీటం పెట్టించుకున్నాడు. గ్రెగరీని విడిపించడానికి వచ్చిన నార్మను సేన ఆ నగరాన్నే దోచి తగులబెట్టినది. 1085లో గ్రెగరీ సలెర్నోలో ప్రవాసిగా చనిపోయినాడు. హెన్రీకీ సుఖాంతం లేదు. కన్నకొడుకే అతనిని రాజ్యభ్రష్టుణ్ణి చేసినాడు; 1106లో మరణించినప్పుడు అతడు మళ్లీ వెలిలో ఉన్నందున, ఆ శరీరానికి స్పయర్ కథీడ్రల్‌లో సమాధి దొరకడానికి అయిదేళ్లు పట్టినది. ఉంగరం, దండం గురించిన తగవు 1122లో ఒక ఒప్పందంతో తీరినది. అప్పటికి ఆ ఇద్దరూ లేరు. మంచులో నిలబడిన ఆ మూడు రోజులు ఎవరి మనసునూ మార్చలేదని దీనివల్ల తేలుతున్నది.

అయినా ఆ దృశ్యం లోకానికి నచ్చినది. ఎందుకు నచ్చినదో విచారించవలసి ఉన్నది. ఆ కాలానికి దగ్గరలో, సుమారు 1115లో, దోనిజో అనే సన్యాసి మతిల్డా చరిత్రను కావ్యంగా వ్రాసినాడు. ఆ ప్రతిలో ఒక చిత్రం ఉన్నది. అందులో రాజు మతిల్డా ఎదుట మోకరిల్లి ఉన్నాడు. మఠాధిపతి హ్యూ ప్రక్కన కూర్చొని ఉన్నాడు. పోపు ఆ చిత్రంలో లేడు. మంచు లేదు, మూసిన తలుపూ లేదు. మధ్యవర్తులను బ్రతిమాలుకోవడమే ఆ చిత్రకారుడు ముఖ్యమనుకున్నాడు. దాదాపు నాలుగున్నర శతాబ్దాలు గడిచిన తరువాత, ఇంగ్లండులో జాన్ ఫాక్స్ వ్రాసిన మతవీరుల గ్రంథం 1570 ముద్రణలో రాజు, అతని భార్య, పసిబిడ్డ కూడా చెప్పులు లేకుండా తలుపు ముందు నిలబడినారు. పోపుల దౌష్ట్యాన్ని ప్రొటెస్టంటు పాఠకులకు చూపడానికి వేసిన బొమ్మ అది. 1872లో బిస్మార్కు జర్మన్ పార్లమెంటులో తాము కనోస్సాకు పోబోమన్నాడు. ఆ మాటను చెక్కిన స్తంభాన్ని 1877లో హార్జ్‌బుర్గులో నిలబెట్టినారు. భక్తులకు వినయానికి ఆదర్శమైన ఘట్టమే దేశాభిమానులకు అవమానానికి గురుతైనది. వంగిన మనిషి ఒక్కడే. అతని వంగుబాటుకు యజమానులు మాత్రం ఎందరో.

పందొమ్మిదవ శతాబ్దంలో చరిత్ర గ్రంథాలు చౌకగా అచ్చు కావడంతో ఇటువంటి బొమ్మలు వేలకొలదిగా పుట్టినవి. గట్టి చెక్కపలకను నున్నగా చేసి, తెల్లగా ఉండవలసిన భాగాలను సన్నని ఉలితో తొలగిస్తారు; మిగిలిన గీతలకు సిరా అంటి కాగితం మీద పడుతుంది. ఆ పని చేసినవారిలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు. ఆ బొమ్మలపై హక్కుల గడువు ఎన్నడో తీరిపోయినది కనుక కార్డులు వేసేవారు వాటిని ఖర్చు లేకుండా తీసుకొంటారు. పేరూ తేదీ తీసివేస్తే రాజదండన అలంకారమవుతుంది. ఇతరుల పరాభవాన్ని ఈ విధంగా మనము శుభాకాంక్షలుగా పంపుకొంటాము.

ఇది తప్పా? కార్డు కార్డే గదా, దానికి ఇంత బరువు ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. బొమ్మ చూచినవాడల్లా చరిత్ర పరీక్షకు కూర్చోనక్కరలేదు. అంతకంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటి ఉన్నది. రాజులు వంగడం మంచిదే అన్నది అది. ఆ కట్టలోని రెండవ కార్డు ఇంగ్లండు రాజు రెండవ హెన్రీది. ఆర్చిబిషప్పు బెకెట్టును 1170లో రాజు మనుషులు దేవాలయంలోనే నరికినారు. 1174లో రాజు కాంటర్‌బరీకి కాలినడకన వెళ్లి, సన్యాసుల చేత కొరడాదెబ్బలు తిన్నాడు. ఆ కాలంలో సామాన్యుడు రాజును నిలదీయగల న్యాయస్థానం ఏదీ లేదు. తలుపు మూసి రాజును బయట నిలబెట్టగల ఒకే ఒక ఇల్లు మతానిది. ఆ దృశ్యం చూచిన పేదవానికి, రాజుకు కూడా పైన ఒక లెక్క ఉన్నదన్న ధైర్యం కలిగి ఉంటుంది. బలవంతుని చేత నలుగురిలో తప్పు ఒప్పించడం న్యాయానికి అవసరమే.

నేను పెద్దాయన విషయంలో నాకు చెప్పుకొన్న సమాధానమూ ఇదే. అయితే ఆ సమాధానంలో ఒక మోసం ఉన్నది. ఆయన రాజు కాడు. ఆయనను చూచి భయపడేవారు ఎవరూ లేరు. ఆయన తప్పు దాచలేదు, సొమ్ము మిగుల్చుకోలేదు. బలవంతుల కోసం ఏర్పడిన ప్రాయశ్చిత్తాన్ని బలహీనునిపై ప్రయోగించి, దానికి న్యాయమనే పేరు పెట్టినాను. లెక్కపుస్తకం ఆదివారానికి ముందే సరిపోయినది. కనుక ఆ ఆదివారం అదనంగా సమకూరినది ఏమిటని అడిగితే, నా కుర్చీ ఎత్తు మాత్రమేనని ఒప్పుకోవలసి వస్తుంది.

వంగడాన్ని ఏ కొలతతో కొలవవలెను? వంగినవాని ముఖం చూచి చెప్పలేము. మా పొరుగునే ఉన్న ఒడిశాలో, పూరీ రథయాత్రనాడు గజపతి రాజు బంగారుపిడి చీపురుతో రథాలను ఊడుస్తాడు. దేవుని ముందు రాజైనా ఊడ్చేవాడే అన్న గొప్ప భావం అందులో ఉన్నది. కాని ఆ చీపురు పట్టే అధికారం రాజుదే. ఏడాది పొడుగునా వీధులు ఊడ్చేవానికి ఆ పిడి అందదు. వినయమే ప్రభువుకు మరొక ఆభరణం కావచ్చును. అందువల్ల వంగినవానినీ, వంగజేసినవానినీ విడిచి, వారిద్దరికీ బయట ఉన్న మూడవవానికి ఏమి దక్కినదో చూడవలెనని నాకు తోస్తున్నది.

ఈ మాటకు తెలుగుదేశంలోనే ఒక దృష్టాంతం ఉన్నది. కాకతీయ గణపతిదేవుడు గోళకీమఠానికి చెందిన విశ్వేశ్వరశివాచార్యునికి శిష్యుడైనాడు. ఇక్కడ కూడా ప్రభువు మఠాధిపతి ముందు తల వంచినాడు. కాని ఈ ఘట్టానికి ప్రసిద్ధమైన చిత్రం లేదు. మిగిలినది మల్కాపురంలోని శిలాస్తంభం. 1261 నాటి ఆ శాసనంలో, తండ్రి వాగ్దానం చేసిన మందడం గ్రామాన్ని రుద్రమదేవి వెలగపూడితో కలిపి ఆచార్యునికి ధారపోసిన సంగతి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. దానం పొందిన ఆచార్యుడు ఆ ఆదాయంతో మఠమూ, విద్యార్థులకు వసతీ, అన్నసత్రమూ, ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఏర్పాటు చేసినాడు. సత్రంలో కులభేదం లేకుండా ఎవరు వచ్చినా అన్నం పెట్టాలన్నాడు. గ్రామానికి కఠినమైన కావలివారిని కూడా నియమించినాడు కనుక అది అధికారం లేని స్వర్గమని నేను అనను. అయినా ఒక రాజు తల వంచినందువల్ల ఎక్కడో ఒక పేద గర్భిణికి పురుడు పోసుకొనే చోటు దొరికినది. కనోస్సా వల్ల అటువంటిది ఎవరికి దొరికినది?

ఈ సందర్భంలో మొట్టమొదట అమ్మకానికి వచ్చిన క్రిస్మసు కార్డు కూడా గుర్తుకు వస్తున్నది. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే ఉద్యోగి, స్నేహితులందరికీ ఉత్తరాలు వ్రాసే తీరిక లేక, హార్స్‌లీ అనే చిత్రకారుని చేత క్రిస్మసు కార్డు వేయించినాడు. మిగిలిన ప్రతులను ఒక్కొక్కటి షిల్లింగుకు అమ్మినారు. మధ్యలో ఒక కుటుంబం పానపాత్రలు ఎత్తి శుభం కోరుతున్నది. చిన్నపిల్ల చేత కూడా సారాయి త్రాగిస్తున్నట్లున్నదని మద్యనిషేధవాదులు అప్పట్లో తప్పుపట్టినారు. కాని ఆ బొమ్మకు రెండు ప్రక్కలా మరి రెండు చిన్న బొమ్మలు ఉన్నవి. ఒకదానిలో ఆకలిగొన్నవారికి అన్నం పెడుతున్నారు. రెండవదానిలో బట్టలు లేనివారికి బట్టలు ఇస్తున్నారు. శుభాకాంక్షకు అంచు ఎక్కడున్నదో ఆ చిత్రకారుడు ఎరుగును. మన కార్డులలో ఆ అంచు చెరిగిపోయి మధ్యభాగం మాత్రం మిగిలినది.

కార్డు టపాలో వేయలేదు. ఒక సాయంకాలం చేతిలో పట్టుకొనే పెద్దాయన ఇంటికి వెళ్లినాను. ఆయన లేచి, అలవాటైన ఆ నిండు నమస్కారం చేసి, కుర్చీ చూపినారు. నేను కార్డు ఇచ్చినాను. కళ్లజోడు పెట్టుకొని చాలాసేపు చూచినారు.

"ఎవరండీ ఈయన?"

కథంతా చెప్పినాను. వెలి సంగతీ, మంచూ, మూడు రోజులూ. ఆయన బొమ్మలోని మనిషిని విడిచి తలుపు మీద వేలు పెట్టినారు.

"అయితే మాస్టారూ, ఆ లోపలున్నాయన మూడు రోజులూ ఏం చేసినట్టు?"

ఎన్నో తరగతులలో ఈ పాఠం చెప్పినాను. ఏ విద్యార్థీ నన్ను ఈ ప్రశ్న అడగలేదు, నేనూ అడుగుకోలేదు. దీనికి గ్రెగరీయే కొంత సమాధానం ఇచ్చినాడు. జర్మన్ ప్రభువులకు తాను పంపిన లేఖలో, తన చుట్టూ ఉన్నవారు కన్నీళ్లతో రాజు తరపున వేడుకున్నారనీ, ఇది ధర్మకాఠిన్యం కాదు, నిరంకుశుని క్రూరత్వం అని కూడా కొందరన్నారనీ దాచకుండా వ్రాసినాడు. అంటే తలుపు లోపల ఉన్న మనిషికి కూడా ఆ మూడు రోజులు తేలికగా గడవలేదు. తెరిస్తే రాజు మళ్లీ బలవంతుడవుతాడని రాజనీతి. తెరవకపోతే తాను గురువు కాడని ధర్మం. చిత్రకారులలో చాలామంది బయటి మంచునే చూపినారు. పరీక్ష లోపల కూడా జరిగినది.

"నేను లోపలే కూర్చున్నాను, అన్నగారూ. మీరు మా ఇంటికి వచ్చి చెప్పిననాడే తలుపు తీయవలసినది," అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి ఇంట్లోకి తిరిగి, టీ పెట్టమని కోడలికి చెప్పినారు. కార్డు బల్లమీద బోర్లా ఉన్నది.

క్షమాపణ కోరడాన్ని గురించి నీతిగ్రంథాలు విస్తారంగా చెప్పినవి. దానిని స్వీకరించవలసినవాని కర్తవ్యాన్ని గురించి అంతగా చెప్పినట్లు లేదు. తప్పు చేసినవాడు బయట నిలబడి ఉన్నంతసేపూ లోపలివాడు న్యాయమూర్తిననుకొంటాడు. తలుపు ఎప్పుడు తీయవలెనో నిర్ణయించే అధికారం తనది కనుక ఆలస్యం కూడా ధర్మంలో భాగమేనని భ్రమపడతాడు. బలవంతుని విషయంలో ఆ ఆలస్యానికి అర్థం ఉండవచ్చును. బలహీనుని విషయంలో ఒక్క గడియ ఎక్కువైనా తప్పు చేతులు మారుతుంది.

ఆ కట్టలో మిగిలిన కార్డులు నా బల్లసొరుగులో ఉన్నవి. వాటిని పారవేయలేదు. ఎవరికైనా పంపినప్పుడు లోపలి తెల్లకాగితం మీద రాజు పేరు, సంవత్సరం, తరువాత జరిగినదేమిటో రెండు వాక్యాలలో వ్రాసి పంపుతున్నాను. పెద్దాయన వేసే పాత కేక మాత్రం మళ్లీ వినబడలేదు. ఇప్పుడు వీధిలో ఎదురైతే ఆయన ఒక చేయి ఎత్తుతారు. నేనూ ఎత్తుతాను.